సాయంత్రం లెక్కలు

గ్రంథాలయం చదువుల గదిలో టైమర్ గణగణ మోగింది.

పేపర్లు చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. పదేళ్ల పాప సిగ్గుతో ముడుచుకుపోయింది. అరవై నిమిషాల్లో అరవై లెక్కలు చెయ్యాలి. ఇరవై మూడు కూడా కాలేదు.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన చెయ్యి చాచి ఆ టైమర్ తీసి తన సంచిలో వేసుకున్నాడు.

"ఇంటికెళ్లేటప్పుడు ఇస్తాను. ఇప్పుడు ఈ ఒక్క లెక్క చూడు. ఏమడిగారో నాకు కథలా చెప్పు."

పాప తల్లి పక్క వీధిలో కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఆరున్నరకు గానీ పని తెమలదు. అందాకా కూతుర్ని గ్రంథాలయంలో కూర్చోబెడుతుంది.

పెద్ద స్కూల్లో ఆరో తరగతికి నలభై సీట్లు. ప్రవేశ పరీక్ష రాసేది రెండు వేల మంది. పరీక్షకు ఇంకా నాలుగు నెలలు.

పొద్దున్నే లెక్కలు చెప్పేది తల్లే. రెండో తప్పుకే ఆమె గొంతు లేచేది. గొంతు లేచిందంటే పాపకు వచ్చినవీ మరుపున పడేవి. ఆ తర్వాత ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

పెద్దాయన రోజూ వచ్చాడు. నెల తిరిగేసరికి అరవైలో పన్నెండు ఒప్పులు ముప్పై అయ్యాయి.

తల్లి సంతోషించింది. వెంటనే భయపడింది కూడా. అడక్కుండా చేతికొచ్చినదాన్ని ఆమె ఎప్పుడూ నమ్మలేదు. ఏం పని చేసేవారని అడిగితే, ఆ ప్రవేశ పరీక్షల ఆఫీసులో ఏడాదికోసారి చిన్న పనుండేదని చెప్పి ఊరుకున్నాడు. ఎలాంటి ప్రశ్నలు వస్తాయని అడిగితే, నాకూ తెలియదమ్మా అని నవ్వాడు.

పరీక్ష మూడు వారాలుందనగా, ట్యూషన్ సెంటరు నడిపే ఆయన కళ్లద్దాల కాడ విరిగిందని దుకాణానికి వచ్చాడు. మాటల్లో పెద్దాయన సంగతి వచ్చింది.

ట్యూషన్ సెంటరాయన గొంతు తగ్గించాడు.

"ఏళ్ల తరబడి ఆ ఆఫీసుకు వెళ్లొచ్చేవాడమ్మా. ఈ ఏడు లేడట. నిప్పు లేనిదే పొగ వస్తుందా? రేపు పేపరు బయటికొచ్చిందని గొడవైతే, ముందు ఆయన దగ్గర కూర్చున్న పిల్లల ఫలితాలే ఆపేస్తారు."

ఆమె చేతిలోని అద్దం పక్కన పెట్టి, కట్టుకున్న ఏప్రనుతోనే గ్రంథాలయానికి నడిచింది.

"బాబాయిగారూ, మిమ్మల్ని పరీక్షల ఆఫీసు నుంచి తీసేశారా?"

"ఈ ఏడు నేను లేనమ్మా. నిజమే."

"ఎందుకని?"

పెద్దాయన పాప వైపు చూశాడు. పెన్సిలు చెక్కుతున్న పాప చెయ్యి ఆగింది.

"పరీక్ష అయ్యేదాకా అది చెప్పకూడదు."

"అయితే మా పిల్ల జోలికి రాకండి."

గదిలో ఎవరో దగ్గారు. ఆయన టైమర్ తీసి బల్ల మీద పెట్టాడు. పాప పుస్తకాలు తనే సర్ది సంచిలో పెట్టాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. అది చూసి తల్లికి అనుమానం ఇంకా బలపడింది.

ఆ మూడు వారాలూ పాప దుకాణం వెనక గదిలో, అద్దాల పెట్టెల మధ్య కూర్చుని చదివింది. తాతయ్యను ఎందుకు వద్దన్నావని ఒక్కసారే అడిగింది. తల్లి కసిరింది. మళ్లీ అడగలేదు.

పరీక్ష రోజు తల్లి గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. గేటు తీసిన ప్రతిసారీ, పాపను మధ్యలో లేపి పంపేశారేమోనని ఉలిక్కిపడింది.

పాప అందరితో పాటే బయటికి వచ్చింది.

"నాలుగు వదిలేశానమ్మా. కానీ భయం వెయ్యలేదు."

పేపరు బయటికి రాలేదు. ఏ గొడవా జరగలేదు. ఫలితాల జాబితాలో పాపది ముప్పై ఒకటో పేరు.

తల్లి ఆ పేరు మీద వేలు పెట్టి మూడుసార్లు చదువుకుంది. నాలుగోసారి చదవబోతుంటే, బల్ల మీద టైమర్ పెట్టిన ఆ ముసలి చెయ్యి గుర్తొచ్చింది. పాపను వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లింది. ఏమని మొదలుపెట్టాలో దారి పొడుగునా వెతుక్కుంది.

పెద్దాయన కూర్చునే కుర్చీలో ఎవరో కుర్రవాడు పేపరు చదువుతున్నాడు.

పెద్దాయన ఏరని లైబ్రేరియన్‌ను అడిగింది. పోయిన వారమే వాళ్ల చెల్లెలు వచ్చి తన ఊరికి తీసుకెళ్లిపోయిందని, అడ్రసు తెలియదని ఆవిడ చెప్పింది.

"ఒక్క మాట అడగాలండీ. ఆయన్ను ఆ ఆఫీసు వాళ్లు ఎందుకు తీసేశారో మీకేమైనా తెలుసా?"

లైబ్రేరియన్ పాప వైపు చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరూ తీసెయ్యలేదమ్మా, ఇరవై రెండేళ్లుగా ఆ పరీక్షకు లెక్కల పేపరు తయారు చేసింది ఆయనే, ఈ ఏడు మాత్రం 'ఒక పాపకు చదువు చెబుతున్నాను, నేను పేపరు తయారు చెయ్యడం న్యాయం కాదు' అని నాచేత ఉత్తరం టైపు చేయించి ఆయనే తప్పుకున్నారు."