కత్తిరింపులో తేడా

మిషన్ మళ్లీ అదే మాట చెప్పింది. ఆరో డబ్బాలో ఉన్నవి ఉత్త ఆవుపాలు కావు.

ల్యాబ్ అక్క తల పట్టుకుంది. ఈ డెయిరీకి ఆమె కొత్త. వెనకాల అందరూ "మిషనమ్మ" అంటారు, మనుషులతో కన్నా మిషన్‌తోనే ఎక్కువ మాట్లాడుతుందని. ఏం చేస్తుంది పాపం! ఇంటికెళ్తే నాలుగు గోడలు, ఇక్కడ గాజు గొట్టాలు. పొద్దున్నే "తిన్నావా అక్కా?" అని అడిగేది ఒక్కతే, పాలు పితికే పిల్ల.

ఆరో డబ్బా ఆ పిల్లదే.

అంతలో మేనేజరు ఊడిపడ్డాడు. "ఏం కలిపిందట?"

"పాలే సార్. ఇంకేవో పాలు."

"పాలలో పాలేంటమ్మా? నీళ్లు కలిపేవాళ్లని చూశాం గానీ!"

"ప్రోటీన్ తేడాగా ఉంది సార్. దాన్ని తయారుచేసే జన్యువు పాలిచ్చే జీవులన్నిటికీ ఉంటుంది. కానీ దాని నకలుని ఒక్కో జీవి ఒక్కోలా కత్తిరించి అతికించుకుంటుంది. గుడ్డ తాను ఒకటే, దర్జీలు వేరు. అతుకు చూస్తే ఎవరి పాలో తెలిసిపోతుంది."

"మరి ఎవరివి?"

"మేకవి కావు, గొర్రెవి కావు. గాడిదపాలతో కూడా పోల్చి చూశాను. మిషన్‌లో ఉన్న ఏ పశువుతోనూ కలవట్లేదు."

"ఏదైతేనేం, కల్తీ కల్తీయే. ఆ పిల్లని ఇవాళే పంపించెయ్."

ఆమె గబగబా కొట్టం వైపు నడిచింది. ఆ పిల్ల పోతే రేపట్నుంచి తనని పలకరించే నాథుడుండడు. పైగా ఎంత పనిమంతురాలని! పెట్టిన సెలవు సగం మిగిలుండగానే, ఇంట్లో ఉండలేనంటూ వచ్చి మళ్లీ పనిలో చేరిందట.

కొట్టం వెనక ఆ పిల్ల ఒక్కతే కూర్చుని దూడని నిమురుతోంది.

"ఏం కలిపావే? మేనేజరు చిందులు తొక్కుతున్నాడు. నిజం చెప్పు, నా తిప్పలేవో నేను పడి సర్దిచెప్తాను."

ఆ పిల్ల దూడని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"మేకపాలా?"

"నాకు మేకెక్కడిదక్కా?"

"మరి ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు."

"నీ ఉద్యోగం ఊడిపోతుందే పిచ్చిదానా! నువ్వు పోతే నాకు మాత్రం ఎవరున్నారిక్కడ?"

ఆ మాటకి పిల్ల మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"పాప పోయిన సంగతి ఈ పాలకి తెలీట్లేదక్కా, నేలపాలు చెయ్యడానికి చేతులు రాక డబ్బాలో పోశాను."