చందాదారుడు స్వయంగా రావాలి

చనిపోయిన భర్తను గురువారం పొద్దున టెలిఫోన్ ఆఫీసుకు తీసుకెళ్లాలని నజాత్ నిశ్చయించుకుంది.

వేరే దారి లేదు. మోంజీ పోయింది చలికాలంలో. ఇప్పుడు స్ఫాక్స్ ఊళ్లో ఎండలు మండిపోతున్నాయి. అయినా ఇంటి ఫోను, ఇంటర్నెట్టు ఇంకా అతని పేరు మీదే నడుస్తున్నాయి. బిల్లు సంగతి ఎలాగోలా ఓర్చుకోవచ్చు. కానీ కంపెనీ వాళ్లు ఊరుకోరు. ఉండుండి ఫోన్ చేసి, "మోంజీ గారున్నారా? వారికో మంచి ఆఫరుంది" అంటారు. నజాత్ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేలోపే అత్తగారు ఫోనెత్తేస్తుంది. ఆవిడకు ఈమధ్య మతిమరుపు. ఎవరో కొడుకును అడుగుతున్నారంటే కొడుకు ఉన్నట్టే కదా!

"బజారుకెళ్లాడు నాయనా, ఇప్పుడే వచ్చేస్తాడు" అని చెప్పి, ఆ పూటంతా గుమ్మంలో కూర్చుంటుంది. చీకటి పడ్డాక నజాత్ మళ్లీ చెప్పాలి. ఆవిడ అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడుస్తుంది. ఒకసారి నజాత్ ఫోను తీగ పీకేసి చూసింది. కొడుకు ఫోన్ చేస్తాడేమోనని ఆవిడే మళ్లీ తగిలించింది. ఆ కంపెనీని తలుచుకుంటే నజాత్‌కు ఒళ్లు మండిపోతుంది.

మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. కౌంటర్లో కళ్లజోడు గుమాస్తాది ప్రతిసారీ ఒకటే పాట.

"లైను తీసేయాలంటే చందాదారుడు స్వయంగా రావాలమ్మా."

"ఆయన పోయారు బాబూ! ఇదిగో కాగితం."

"కాగితం బానే ఉంది. కంప్యూటర్లో కారణాలు నాలుగే ఉన్నాయి. ఇల్లు మారడం, దేశం వదిలి వెళ్లడం, వేరే కంపెనీకి పోవడం, సర్వీసు నచ్చకపోవడం. చావు లేదు."

"మరి చనిపోయినవాళ్లు ఏం చేస్తారు?"

"ట్యూనిస్‌లో హెడ్డాఫీసుకు అర్జీ పెట్టుకోవాలి. దాని మీదా చందాదారుడి సంతకమే ఉండాలి." గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనిషి రావాలి, గుర్తింపు కార్డు తేవాలి. ఆ రెండూ ఉంటే అయిపోతుంది. గురువారమైతే రద్దీ ఉండదు."

మనిషి కోసం ఆమె తమ్ముడు లోత్ఫీని పిలిపించింది. లోత్ఫీ దక్షిణాన గనుల్లో పనిచేస్తాడు. బావ పోయినప్పుడు కూడా, మగవాళ్లందరూ శ్మశానం నుంచి తిరిగొచ్చాకే బస్సు దిగాడు. ఊళ్లో ఎవరికీ అతని మొహం తెలియదు. అనుకూలమైనది అదొక్కటే. కార్డు మీది ఫొటోలో మోంజీకి దట్టమైన జుట్టు. లోత్ఫీ నెత్తి నున్నగా మెరుస్తుంటుంది.

"దొరికితే జైలే అక్కా."

"వాళ్లు మీ బావను జుట్టు చూసి గుర్తుపట్టరురా. నంబరు చూసి గుర్తుపడతారు. ఈ టోపీ పెట్టుకుని నడు."

కౌంటర్ పక్కనే గోడకు ఒక బోర్డు. ఇంకొకరి పేరు చెప్పి మోసగిస్తే పోలీసులకు అప్పగిస్తారట. లోత్ఫీ అది చదివి టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

గుమాస్తా కార్డు చూశాడు. లోత్ఫీని చూశాడు. మళ్లీ కార్డు చూశాడు.

"టోపీ తీయండి."

తీశాడు.

"జుట్టంతా రాలిపోయిందే మోంజీ గారూ."

"దిగులు," అన్నాడు లోత్ఫీ.

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"దేవుడి దయ. దుక్కలా ఉన్నాను."

"సంతోషం. లైను ఎందుకు తీసేస్తున్నారు?"

"ఇల్లు మారాను."

"కొత్త చోట మా లైను లేదా?"

"లేదు."

"అక్కడ ప్రశాంతంగా ఉందా?"

ఇదేం ప్రశ్నో లోత్ఫీకి అర్థం కాలేదు. "చాలా," అన్నాడు.

గుమాస్తా తలూపి ఏదో టైపు చేశాడు. "మా సర్వీసు మీద ఫిర్యాదులేమైనా?"

లోత్ఫీ అసలే ముక్కోపి. "మనిషి చచ్చేదాకా వదలరు కదయ్యా మీరు!"

నజాత్ అతని కాలు తొక్కింది.

"చచ్చినా వదలం," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. "ఇక్కడ సంతకం చేయండి."

కంగారులో లోత్ఫీ తన పేరే మొదలెట్టాడు. సగం రాశాక తెలిసొచ్చి చెయ్యి ఆగిపోయింది. గుమాస్తా ఆ కాగితాన్నీ కార్డునూ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

నజాత్ లోపలి గది తలుపు వైపే చూసింది. అత్తగారిని పక్కింట్లో కూర్చోబెట్టి వచ్చింది. తననూ తమ్ముణ్ణీ పట్టుకెళితే ఆ ముసలావిడకు అన్నం పెట్టేదెవరు?

"పారిపోదామా?" అన్నాడు లోత్ఫీ.

"కార్డు వాళ్ల దగ్గరుందిరా, దద్దమ్మా."

గుమాస్తా కొత్త కాగితంతో తిరిగొచ్చాడు. "దాని మీద సిరా మరక పడింది. మళ్లీ చేయండి. ఈసారి నిదానంగా."

లోత్ఫీ బావ పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. గుమాస్తా ముద్ర కొట్టాడు. "అయిపోయింది. ఇక మీ ఇంటికి ఫోన్లు రావు."

లోత్ఫీ గబగబా వీధిలోకి పడ్డాడు. నజాత్ కూడా అతని వెనకే గుమ్మం దాకా వెళ్లింది.

"అమ్మా, ఒక్క నిమిషం."

ఆమె వెనక్కి వచ్చి నిలబడింది. గుమాస్తా చేతిలో ఇంకా ఆ గుర్తింపు కార్డు ఉంది. అటూ ఇటూ చూసి, దాన్ని మెల్లగా ఆమె వైపు జరిపాడు. గొంతు బాగా తగ్గించాడు.

"శ్మశానం దాకా మోంజీ జనాజాకు భుజం పట్టినవాళ్లలో నేనూ ఉన్నానమ్మా."