జింకకొమ్ము పగడం

“ఇది యా సముద్రందో చెప్పమ్మా. ఆడికే పోతా.”

చెన్నకేశవులు తువ్వాలు విప్పి, తెల్లటి పగడపు కొమ్మను ఇంద్రజ బల్లమీద పెట్టాడు. ఆయనకు ఆళ్లగడ్డలో బట్టల అంగడి. వెంట భార్య నాగేశ్వరమ్మ కూడా వచ్చింది. ఇంద్రజ నంద్యాల కాలేజీలో జువాలజీ చెబుతుంది.

“ఎక్కడిదన్నా ఇది?”

“మా కూతురు సుప్రజ పంపింది. మాకు చెప్పకుండా పెండ్లి చేసుకునిందని, గడప తొక్కొద్దన్నా. మళ్లా కండ్లబడలే. మొన్న ఎవరో వచ్చి, పాప పంపిందని మా ఆమె చేతికి ఇచ్చి పోయినారంట. యాడుండేదీ చెప్పలేదంట.”

ఇంద్రజ భూతద్దంతో చూసింది. “జింకకొమ్ము పగడం మాదిరే ఉంది. చూడండి, కొమ్మ కొసన ఒక పెద్ద గుంట, చుట్టూ చిన్నవి. ఒక్కో గుంటలో ఒక్కో జీవి కాపురముంటుంది. అండమాన్‌లో ఉంటుంది, లక్షద్వీప్‌లో ఉంటుంది. వీటిలో శానా రకాలు. రకం తేలితే చోటు కొంచెం తెలుస్తుంది.”

“అండమాన్ అయితే అండమానే. అల్లుణ్ని గూడా పిల్చకొస్తా.” ఆయన కొమ్మను వేలితో నిమిరాడు. “నీళ్లంటే భయమమ్మా దానికి. కుందూ ఏటి వంతెన దాటేటప్పుడు గూడా నా చెయ్యి ఇడిసేది కాదు. సముద్రం పక్కన ఎట్లుంటాందో!”

నాగేశ్వరమ్మ ఆయన్నే చూస్తూ నిలబడింది.

ఇంద్రజ చిన్న సీసా తెచ్చి, కొమ్మ అడుగున ఒక చుక్క ఆసిడ్ వేసింది. “పగడమైతే నురగ పొంగాలి.”

ముగ్గురూ వంగి చూశారు. చుక్క కదల్లేదు.

ఇంద్రజ కొమ్మను తిప్పి చూసింది. పక్కన సన్నటి అతుకు గీత కనిపించింది.

“ఇది సముద్రంలోది కాదన్నా. అచ్చు పోసిన బొమ్మ. చేపల తొట్లలో పెడతారు. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.”

చెన్నకేశవులు స్టూలుమీద కూలబడ్డాడు. ఆ కొమ్మను మళ్లీ తువ్వాల్లో చుట్టసాగాడు.

“అయితే ఇంగ యాడని ఎతికేదమ్మా? యా ఊరు పోయేది?”

నాగేశ్వరమ్మ వచ్చి ఆయన భుజం పట్టుకుంది. ఆమె కళ్లు నిండుగా ఉన్నాయి.

“లెయ్యండి. ఈ కొమ్మ ఎవరూ తెచ్చియ్యలే, నేనే పాప అంగట్లో కొనుక్కొచ్చినా. ఈడే, ఈ నంద్యాలలోనే, బస్టాండు ఎనక రంగుచేపలు అమ్ముతాంది. నాయన తనంతట తాను ఎతుక్కుంటా బయల్దేరేదాకా చెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది.”