అమ్మ చిక్కుడు

“బాబాయిగారూ, మీకు చేతులెత్తి దణ్ణం పెడతాను. ఈ ఒక్క కాపుకీ ఆ మందు కొట్టకండి.”

టీచరు ఫెన్సింగు పట్టుకుని నిలబడింది. అవతల పక్కింటి మేనేజరు గారు వీపుకి పంపు తగిలించుకుని, మూతికి గుడ్డ కట్టుకుని తన లాన్ మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. బ్యాంకులో రిటైరయ్యాక ఆయనకు ఆ పచ్చికే లోకం. అందులో ఒక్క కలుపు మొక్క తలెత్తినా ఆ పూట ఆయనకు అన్నం సహించదు.

“భయపడకమ్మా. ఈ మందు వెడల్పాకు మొక్కనే చంపుతుంది, గడ్డి జోలికి పోదు,” అన్నారాయన గుడ్డ కిందికి లాగి. “పైగా ఎంత గట్టి సరుకనుకున్నావు! గడ్డిని పట్టుకుందంటే ఏడాదైనా వదలదు. ఎండకు పోదు, వానకు పోదు, గడ్డి ఎండి కుళ్ళినా పోదు!”

“చిక్కుడాకు కూడా వెడల్పేగా బాబాయిగారూ!”

“నేను కొట్టేది నా గడ్డికమ్మా, నీ పాదుకి కాదు.”

“గాలికి ఫెన్సింగు ఉంటుందా?”

ఆయన గుడ్డ మళ్ళీ మూతి మీదికి లాక్కున్నారు. పంపు చప్పుడు మళ్ళీ మొదలైంది.

టీచరు బాధ ఆకుల గురించి కాదు. అవి అమ్మ చిక్కుళ్ళు. ఎర్రచుక్క ఉన్న తెల్ల గింజలు, ఏ షాపులోనూ దొరకవు. అమ్మ పోయే ముందు గుడ్డలో మూటకట్టి కూతురి చేతిలో పెట్టింది. “ఏటా వేసుకో, ఏటా దాచుకో,” అంది. పాత ఇంట్లో ఆ తీగ పందిరి విరగ కాసింది. ఈ ఇంటికి వచ్చాక పోయిన కాపులో ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకుని, చిగుళ్ళు మెలికలు తిరిగి, పూత పట్టకుండానే మాడిపోయాయి. ఇప్పుడు గుప్పెడు గింజలు కూడా మిగల్లేదు. ఇంకో ఏడాది దాస్తే అవీ మొలకెత్తవు. ఈసారి కాస్తే సరేసరి, లేకపోతే అమ్మ వంగడం ఆమె చేతుల్లోనే అంతరించిపోతుంది.

తన వైపు లోపమేమీ లేదని ఆమెకు తెలుసు. ఆ పెరట్లోకి సీసా మందు ఏనాడూ రాలేదు. ఓ మూల కంపోస్టు కుప్ప ఉంది. నల్లగా, పొడిపొడిగా, చేతిలోకి తీసుకుంటే వాన పడ్డ మట్టి వాసన వేసే ఎరువు. దాన్ని తలుచుకుంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

“నాకు జ్వరం వస్తే ఒక మాత్ర పడేస్తావు. నీ మొక్కకు తుమ్మొస్తే చాలు, గంపెడు ఎరువు!” అని మొగుడు వేళాకోళం చేసేవాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గారు గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో పంపు ఉంది.

“ఇది నీ దగ్గరే ఉంచు. నిన్న నువ్వు మీ అమ్మ ఇచ్చిన గింజల సంగతి చెప్పి ఏడుస్తూ లోపలికెళ్ళావు, నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మ చిక్కుడు కాసేదాకా నేను మందు ముట్టను.”

టీచరు పంపు అందుకుని లోపల మూలన పెట్టింది.

ఆయన మాట మీద నిలబడ్డారు. వానలు పడ్డాయి. లాన్ నిండా కలుపు మొలిచింది. చూడలేక ఆయన కుర్చీని అటు తిప్పి వేసుకుని, పచ్చికకు వీపు పెట్టి పేపరు చదువుకునేవారు.

టీచరు పాదులు లోతుగా తవ్వి, వాటి నిండా ఎరువు పోసి, మిగిలిన గింజలన్నీ నాటింది. అన్నీ మొలిచాయి. ఆమె చిన్నపిల్లలా మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది.

నాలుగాకులు వేశాయో లేదో, ముడుచుకోవడం మొదలెట్టాయి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క పరుగున ఫెన్సింగు దగ్గరకెళ్ళింది.

“మాటిచ్చి ఇంత పని చేస్తారా?”

“పంపు నీ ఇంట్లోనే ఉంది కదమ్మా!”

“ఇంకోటి కొనుక్కుని ఉంటారు!”

ఆయన మొహం పాలిపోయింది. కలుపుతో నిండిన లాన్ వంక ఒకసారి చూసి, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ కలుపు టీచరుకూ కనిపించింది. తొందరపడ్డానని అర్థమై తల దించుకుంది. కానీ ఆయన కాకపోతే మరెవరు? ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియని స్థితి అది. నీళ్ళు తగ్గించి చూసింది. నీడ కట్టి చూసింది. వాడిన ప్రతి మొక్కకీ ఇంకాస్త ఎరువు వేసింది. వేసిన కొద్దీ అవి ఒకటొకటిగా పోయాయి.

చివరికి ఒక్క తీగ మిగిలింది. దాని చిగురు కూడా వంకర తిరుగుతోంది.

“ఇక వదిలెయ్యవే,” అన్నాడు మొగుడు మెల్లగా.

“ఎలా వదిలెయ్యమంటారు? ఇది పోతే మా అమ్మ రెండోసారి పోయినట్టేనండీ.”

ఆమె కళ్ళు తుడుచుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. నీరసపడ్డ బిడ్డకు ఇంకో ముద్ద తినిపించినట్టు, కుప్పలోంచి గంపెడు ఎరువు తెచ్చి ఆ తీగ మొదట్లో పోసి, చేత్తో మెత్తగా అదిమింది.

ఆ నల్లటి ఎరువంతా, చెత్తబండి పాలు కానివ్వడమెందుకని ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆమె వారం వారం బస్తాలకెత్తి తెచ్చి మాగబెట్టిన, మేనేజరు గారు కోసి గేటు బయట పడేసిన లాన్ గడ్డే.