వైరు ముద్ద

పెట్రోలు ప్లాస్టిక్ పోయి కరెంటు వైర్లకు మొక్కజొన్న పిండి తొడుగు వచ్చాక, మా ఇంట్లో కొత్త అలవాటు మొదలైంది. రోజూ సాయంత్రం గోడ మూలన ఎలుకలకు ఒక అన్నం ముద్ద పెడతాం. కడుపు నిండితే అవి వైర్ల జోలికి రావు. నాన్నకు ఊపిరి ఆడేది కరెంటు మీద నడిచే ఆక్సిజన్ మిషనుతోనే.

నిన్న ఊరి నుంచి నూకాలత్త, నాన్న చెల్లెలు, వచ్చింది. సాయంత్రం ముద్ద పెట్టి డ్యూటీకి వెళ్లిన నేను రాత్రి తిరిగొచ్చేసరికి ఆ మూల శుభ్రంగా ఊడ్చి ఉంది.

"ముద్ద ఏదత్తా?"

"కోళ్లకేసీసినాను. ఎలకలకి బోజనాలు ఎడతారేటే, సదువుకున్నోళ్లూ!"

అత్త నవ్వుతుండగానే మెయిన్ స్విచ్ పడిపోయింది. మిషను ఆగింది. మంచం కింద మిషను వైరుకు జానెడు మేర తొడుగు లేదు. రాగి తీగలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. చుడదామంటే టేపు కూడా పిండిదే, దాన్నీ కొరికేశాయి.

నాన్న పెదాలు నల్లబడుతున్నాయి.

అత్త తన నూలు చీర కొంగు పర్రున చింపి ఇచ్చింది. నేను ప్లగ్గు పీకి, ఒక్కో తీగకు విడిగా గుడ్డ చుట్టసాగాను.

"బేగి సుట్టే గుంటా! అన్న కళ్లు తేలేస్తన్నాడు!"

ప్లగ్గు పెట్టి మెయిన్ పైకి వేశాను. మిషను దగ్గినట్టు చప్పుడు చేసి, నడిచింది. కాసేపటికి నాన్న ఛాతీ కుదుటపడింది. ఆయన చెల్లెలి వైపు చెయ్యి చాచాడు. అందుకోడానికి అత్తకు ధైర్యం చాలలేదు.

ఇంతలో గోడ వెనక గీకుడు వినిపించింది. నాకంటే ముందు అత్తే లేచి అన్నం గిన్నె కోసం వంటింట్లోకి పరుగెత్తింది.