కాఫీ వేళ

"అటు కాదు బావా. ఇయ్యాల మనకు టిక్కెట్లుండాయి" అంటూ రంగనాథం, పక్క వాకిలి వైపు పోతున్న ఏకాంబరాన్ని చెయ్యి పట్టి ముందు గేటు వైపు తిప్పాడు.

రంగనాథం జార్జి టౌనులో ఇంగ్లీషు మేష్టరు. ఈ సంగీత సభకు కార్యదర్శి కూడా. ఏకాంబరం అతని అక్క మొగుడు. అమెరికా నుంచి వచ్చిన జాజ్ బృందానికి ఒక సాయంత్రం హాలు ఇద్దామంటే కమిటీలో సగం మంది మూతి విరిచారు. వాదించి ఒప్పించింది రంగనాథమే. కచేరీ అయ్యాక బృందానికి దండలు వేసి, నాలుగు మాటలు మాట్లాడాల్సిందీ అతనే. మద్రాసు వాళ్లకు వినడం తెలుసు, ఆ సంగతి మీ దేశంలో చెప్పండి అన్నది ఆ మాటల సారాంశం. వారం నుంచీ అద్దం ముందు నిలబడి వల్లె వేస్తున్నాడు, భార్య నవ్వుతున్నా లెక్కచెయ్యకుండా.

ఇద్దరూ ముందు వరసల్లో కూర్చున్నారు. ఏకాంబరం మెడ తిప్పి హాలంతా కలయజూశాడు.

"ఈడ నుంచి చూస్తే వేదిక చిన్నదిగా ఉందే రంగా."

ఎప్పుడూ ఇంతే ఉంటుంది కదా అంటూ రంగనాథం కండువా సర్దుకున్నాడు.

కచేరీ మొదలైంది. మొదట్లో జనం బిక్కమొహాలు వేశారు. తాళం వేద్దామని లేపిన చేతులు, దెబ్బ ఎక్కడ పడాలో తెలియక గాల్లోనే ఆగిపోయాయి. ఆ తర్వాత శాక్సఫోను మనిషి కళ్లు మూసుకుని ఒక్కడే అందుకున్నాడు. ఒక స్వరం దగ్గర ఆగి, దాన్ని వదల్లేక చుట్టూ తిరిగి, మళ్లీ దాని దగ్గరికే వచ్చాడు. భాష తెలియని మనిషెవరో రంగనాథం కడుపులోని దిగులును అతనికే చెబుతున్నట్టు అనిపించింది. ఆ పాట అతనికి తర్వాత ఎన్నేళ్లయినా గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ముందు సిగ్గు, ఆ వెనకే పాట.

ఎందుకంటే మరుక్షణమే మిగతావాళ్లు పక్కకు తప్పుకున్నారు. పొడుగాటి డ్రమ్ముల మనిషి ఒంటరిగా వాయించడం మొదలుపెట్టాడు.

మద్రాసు రసికులకు ఒక అలవాటుంది. పాట ఆగి డప్పు ఒక్కటే మోగిందంటే అది కాఫీ వేళ. హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఎవరూ చెప్పకుండానే రంగనాథం కాళ్లు కూడా లేచాయి.

"రా బావా. ఇన్నేళ్లుగా ఈ హాలుకు వస్తా ఉండావు, మన క్యాంటీను బోండా ఒక్కసారన్నా తిన్నావా?"

"ఆ క్యాంటీను ఎటుందో కూడా నాకు తెలీదు. నువ్వు పోయిరా" అని ఏకాంబరం నవ్వాడు.

బయటి తిండి పడని మనిషి, పాపం, అనుకుని రంగనాథం వెళ్లిపోయాడు.

క్యాంటీనులో గ్లాసు ఇంకా పెదవికి తగల్లేదు. ట్రంపెట్టు వాయించిన తెల్లాయన పక్క వాకిలి తోసుకుని పరుగున వచ్చాడు. మొహంలో కంగారు. హాల్లో ఎక్కడైనా నిప్పంటుకుందా అని అడిగాడు.

"లేదు" అన్నాడు రంగనాథం.

మరి అందరూ ఎందుకు బయటికి వచ్చారని అడిగాడాయన.

రంగనాథం చేతిలో గ్లాసు పొగలు కక్కుతోంది. దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. తెల్లాయన ఆ దాచడం చూసి, చుట్టూ నములుతున్న నోళ్లను చూసి, వెనక్కి తిరిగాడు. రంగనాథానికి తల కొట్టేసినట్టయింది.

అతను తిరిగొచ్చేసరికి డ్రమ్ములు ఆగుతున్నాయి. ముందు వరసల్లో ఏకాంబరం ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు.

"ఏం వాయించాడు బావా?"

"జనం లేస్తా ఉన్నంతసేపూ గట్టిగా వాయించాడు, వాళ్లని ఆపుదామని. ఆ తర్వాత మెల్లంగా, తన కోసం వాయించుకున్నాడు. అదే బాగుండింది."

రంగనాథం తల పట్టుకున్నాడు. "తన వంతు వచ్చేదాకా కాచుకోని ఉంటాడే. వచ్చీ రాగానే అందరూ వీపులు చూపిస్తే ఆ మనిషి ప్రాణం ఎట్టుంటుంది? మనం మనుషులమేనా బావా?"

ఏకాంబరం తన వేళ్ల కేసి చూసుకున్నాడు.

"అలవాటు పడతాడులే" అన్నాడు.

"అలవాటు పడేదానికి ఇదేమన్నా మద్రాసు ఉక్కబోతా?" అని రంగనాథం కసురుకున్నాడు.

కచేరీ ముగిసింది. దండల పళ్లెం బావ చేతికిచ్చి, అతన్ని వెంటబెట్టుకుని రంగనాథం వేదిక ఎక్కాడు. వల్లె వేసిన మాటల్లో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. అందరికీ దండలు వేసి, చివరికి డ్రమ్ముల మనిషి ముందు నిలబడి, క్షమించమని ఇంగ్లీషులో అడిగాడు. ఆయన కోప్పడలేదు. తనొక్కడికేనా, అందరికీ ఇంతేనా అని అడిగాడు.

రంగనాథానికి ప్రాణం లేచొచ్చింది. అందరికీ ఇంతేనని, ఇది ఈ ఊరి అలవాటని, ఆయన మీద అగౌరవం కాదని గబగబా చెప్పాడు.

"అయితే మీ ఊళ్లో వాయించేవాళ్లు దీన్ని ఎలా ఓర్చుకుంటారు?" అన్నాడాయన.

రంగనాథం మెల్లగా వెనక్కి తిరిగాడు. ఏకాంబరం ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకుని, వంగి, ఆ డ్రమ్ము చర్మాన్ని వేలికొసలతో తడిమి చూస్తున్నాడు. అతని మొహం చూడడానికి రంగనాథానికి ధైర్యం చాల్లేదు.

ఇన్నేళ్లుగా ఆ వేదిక మీద, ప్రతి కాఫీ వేళా, మృదంగం వాయించింది ఏకాంబరమే.