స్తంభాలా, పునాదా?

“అయితే స్తంభాలు నేలలో ఎన్నాళ్లుంటాయంటారు?” అన్నాడు లోవెల్.

“మీ తర్వాత కూడా ఉంటాయి మాస్టారూ. పోయిన గురువారం ఇదే చెప్పాను,” అంది మార్లిస్, కాఫీ కప్పు ఆయన ముందుకు జరుపుతూ.

“పోయిన గురువారం చెప్పింది సిమెంటు దిమ్మె మీద నిలబెట్టేవాటి సంగతి. నేనడిగేది పాతేవాటి సంగతి.”

“రెండూ చెప్పాను. మీరు రాసుకున్నారు కూడా.”

నిజమే, రాసుకున్నాడు. ఈ ఒక్క విషయం మీద లోవెల్ దగ్గర ఏడు నోటు పుస్తకాలున్నాయి. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊరి బళ్లో ముప్ఫై ఒక్క ఏళ్లు పిల్లల చేత ట్రంపెట్లు ఊదించిన బ్యాండు మాస్టారాయన. రిటైరవుతూనే ఊరికి ఆరు మైళ్ల అవతల కొండవాలున పన్నెండెకరాలు కొన్నాడు. అందులో ఎలాంటి ఇల్లు కట్టాలన్నదే తేలలేదు. స్తంభాల ఇల్లయితే లావుపాటి గుంజలు లోతుగా పాతి, రేకులు కప్పేసి, ఒక్క వేసవిలో తాళం చేతిలో పెడతారు. కానీ కింద నేలమాళిగ ఉండదు. పునాది ఇల్లయితే నేల తవ్వి, పునాది గోడలు పోసి, పైన చెక్కలు దగ్గర దగ్గరగా నిలబెట్టి కడతారు. సుడిగాలి వస్తే కింద తలదాచుకోవచ్చు. కానీ ఏడాది పడుతుంది.

ఏడాది వృథా చేసుకోవడమా అని ఆలోచించడానికి ఆయనకి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోపు అదే రోడ్డు మీద ముగ్గురు ఇళ్లు కట్టేసుకున్నారు. వాళ్లలో ఒకాయన కాపరం పెట్టి, విడాకులు కూడా పుచ్చుకున్నాడు. లోవెల్ పెళ్లి కూడా ఇలాగే తప్పిపోయింది. ఆయన రెండువైపులా ఆలోచిస్తూ ఉండగా ఆ అమ్మాయి ఒకవైపే ఆలోచించి ఇంకెవరినో చేసుకుంది.

మార్లిస్ రెండు రకాల ఇళ్లూ కడుతుంది. తండ్రి పెట్టిన కంపెనీ, భర్త పోయాక ఒక్కతే నడుపుతోంది. వారం వారం ఆయన ఆఫీసుకొస్తే విసుక్కోకుండా మొదటినుంచీ చెబుతుంది. ఈ చలికాలమంతా ఆమే ఎదురు ప్రశ్నలు వేస్తోంది.

“మంచు కరిగినప్పుడు నీళ్లెక్కడ నిలుస్తాయి మాస్టారూ?”

“తూర్పు మూల. బూట్లతో సహా కూరుకుపోయానోసారి.”

“వంటింటి కిటికీ ఎటుంటే మీకిష్టం?”

“లోయ వైపు. పొద్దున్నే జింకలొస్తాయి.”

ఆమె పసుపు కాగితాల మీద అన్నీ రాసుకుంటోంది. ఆ పెన్సిలు కదిలినప్పుడల్లా లోవెల్‌కి గుండెల్లో గుచ్చుకున్నట్టుంటోంది. ఎందుకంటే ఆ పన్నెండెకరాలూ ఆయన పోయిన అక్టోబరులోనే అమ్మేశాడు. మోకాలు మొరాయించింది, అక్క పోరు పెట్టింది, అమ్మకాల ఏజెంటు కాగితం ముందు పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఆలోచించకుండా చేసిన పని అది.

అమ్మాక గురువారం వచ్చింది. కాళ్లు వాటంతటవే ఇక్కడికి నడిచాయి. ఈసారి చెప్పేద్దామనుకున్నాడు. ఆమె పుల్లటి రూబార్బ్ కాడలు వేసి చేసిన కేకు కోసి పెట్టింది. నోట్లో కేకు ఉండగా ఎలా చెబుతాం? అలా అయిదు నెలలు గడిచాయి. లేని స్థలంలో లేని ఇంటికి స్తంభాలా, పునాదా అని ఆయన నిజంగానే తర్జనభర్జన పడ్డాడు. కిందటి వారం పునాదే మంచిదని ఒక నిర్ణయానికి కూడా వచ్చాడు. ఇదీ తన తెలివి, అనుకున్నాడు.

“శనివారం స్థలం దగ్గరికి వెళ్దాం,” అంది మార్లిస్. “కొలతలు తీసి గుర్తులు పెడదాం.”

లోవెల్ చేతిలో కప్పు ఆగిపోయింది.

“శనివారం కుదరదు. బురదగా ఉంటుంది.”

“బూట్లున్నాయి నాకు.”

“పక్కాయన ఎద్దు తెంచుకుని తిరుగుతోందిట.”

“ఆయన పశువుల్ని అమ్మేసి రెండేళ్లయింది మాస్టారూ.”

“నా మోకాలు...”

“కుర్చీ తెస్తాను. మీరు కూచుని చెబుతూ ఉండండి, నేను మేకులు దిగ్గొడతాను.”

ఇంక అబద్ధాలు అయిపోయాయి. లోవెల్ కప్పు బల్లమీద పెట్టాడు. చెప్పేస్తే గురువారాలు పోతాయి. చెప్పకపోతే ఈ మనిషి శనివారం వెళ్లి పరాయివాళ్ల నేలలో మేకులు కొడుతుంది. ఈసారి మాత్రం రెండువైపులా ఆలోచించలేదు.

“మార్లిస్, ఆ స్థలం నాది కాదు. అక్టోబరులోనే అమ్మేశాను.”

ఆమె రాయడం ఆపింది. లోవెల్ తలెత్తలేకపోయాడు.

“ఇన్నాళ్లూ మీ టైము పాడుచేశాను. ఇంటి కోసం కాదు నేనొచ్చింది. గురువారం ఇంకెక్కడికి పోవాలో తెలీక వచ్చాను. అరవయ్యేడేళ్లొచ్చాయి, సిగ్గులేదు నాకు.”

“ఎవరికమ్మారు?” అంది నెమ్మదిగా.

“తెలీదు.”

“తెలీదా?”

“అంతా ఏజెంటే చూసుకున్నాడు. కొన్నవాళ్ల పేరు కాగితం మీద ఉంది. చదివితే వాళ్లమీద ద్వేషం పుడుతుందని కళ్లద్దాలు జేబులో పెట్టుకుని సంతకం చేశాను. ఏ స్తంభాలు పాతుకుంటారో, ఏ పునాది తవ్వుకుంటారో, నాకెందుకని.”

లేచి కోటు అందుకున్నాడు. చెయ్యి ఒకపట్టాన కోటు చేతిలో దూరలేదు. మార్లిస్ కూడా లేచింది. వచ్చి కోటు చెయ్యి సరిగ్గా పట్టుకుంది.

“చదవాల్సింది మాస్టారూ,” అంది, “అది నా పేరే.”